పాత తూటాల పెట్టె మీది రాతలు ఎలా చదవాలంటే

చి. సందీప్‌కి పెదనాన్న ఆశీస్సులు.

ఫ్లీ మార్కెట్‌లో, అదే పాత వస్తువుల సంతలో, కొన్న అమెరికా సైన్యం తూటాల పెట్టె ఫొటోలు చూశాను. మంచి వస్తువే దొరికింది. శాండ్ పేపర్‌తో గీకేసి కొత్త రంగు వేస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చేయకు నాన్నా. దాని విలువంతా ఆ రాతల్లోనే ఉంది. పైగా ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇంట్లో పసిపిల్లని పెట్టుకుని ఆ దుమ్ము లేపడం మంచిది కాదు.

ముందు ఈ తేడా పట్టుకో. రేకులోనే ఉబ్బెత్తుగా అచ్చుగుద్దిన అక్షరాలు పెట్టె గురించి చెబుతాయి. పైన రంగుతో వేసినవి అందులో ఏం నింపారో చెబుతాయి. రెండూ ఒకే కాలానివి కానక్కర్లేదు, ఎందుకంటే అమెరికా సైన్యం ఖాళీ పెట్టెల్ని మళ్లీ నింపి వాడుకునేది. ఉబ్బెత్తు అక్షరాలు మాత్రమే చూసి "రెండో ప్రపంచ యుద్ధం నాటి సరుకు" అనేవాళ్ల మాట నమ్మకు.

నీ పెట్టె పక్కన మంట ఎగసే గుండు బొమ్మ ఉంది కదా, అది ఆర్డ్‌నెన్స్ విభాగం, అంటే అమెరికా సైన్యంలో ఆయుధాలు చూసే విభాగం చిహ్నం. దాంతోపాటే కాలిబర్ (తూటా వ్యాసం) .30, ఎం1 అని ఉంది. ఎం1 అనేది పెట్టె మోడల్ పేరు. మెషిన్‌గన్‌కి వాడే 250 తూటాల బెల్టు పట్టేలా చేసిన పెట్టె అది. తయారీదారు పేరు కూడా అక్కడే వెతుకు. రీవ్స్, క్రౌన్, క్యాన్‌కో లాంటి పేర్లు కనిపిస్తాయి. క్యాన్‌కో అంటే అమెరికన్ క్యాన్ కంపెనీ.

ఇక రంగుతో వేసిన పసుపు అక్షరాలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మొదట అంకె చూడు. 192 అని ఉండి, పక్కన 8 తూటాల క్లిప్పులు (తూటాల్ని గుత్తిగా పట్టే రేకు బిళ్లలు), బాండొలియర్లు (క్లిప్పులు పెట్టుకుని భుజాన వేసుకునే గుడ్డ పట్టీలు) అని ఉంటే అది అమెరికా సైన్యం వాడిన గారండ్ రైఫిల్ సరుకు. క్లిప్పుకి 8, బాండొలియర్‌కి 6 క్లిప్పులు, అలాంటివి నాలుగు. లెక్క సరిపోయిందా? ఎప్పుడైనా ఇలా లెక్క కట్టి చూడు, అనుమానమున్న పెట్టె అక్కడే దొరికిపోతుంది.

తర్వాత లాట్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన తూటాలకి ఇచ్చే నంబర్. ముందుండే అక్షరాలు కర్మాగారానివి. ఎల్‌సీ అంటే మిస్సోరిలోని లేక్ సిటీ, టీడబ్ల్యూ అంటే మిన్నెసోటాలోని ట్విన్ సిటీస్, ఎఫ్‌ఏ అంటే ఫిలడెల్ఫియాలో 1977లో మూతపడిన ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్. కొత్త పద్ధతి లాట్ నంబర్లో అయితే ఏడాది, నెల కూడా ఉంటాయి. ఎల్‌సీ తర్వాత 88డి అని ఉంటే 1988 ఏప్రిల్. నెలల అక్షరాల్లో ఐ ఉండదు, అందుకే సెప్టెంబరుకి జె వస్తుంది.

కాలం తేల్చడానికి ఇంకో రెండు గుర్తులున్నాయి. వృత్తంలో కూడిక గుర్తు ఉంటే అది నాటో ముద్ర. 7.62 నాటో తూటా 1954లో ఖరారైంది కాబట్టి ఆ రాత అంతకు ముందుది కాదు. స్టాక్ నంబర్ (సైన్యం సరఫరా జాబితాలో ఆ వస్తువుకిచ్చిన నంబర్) అంకెలు కూడా లెక్కపెట్టు. 11 ఉంటే పాత పద్ధతి, 13 ఉంటే 1974 నుంచి వచ్చిన పద్ధతి.

దొంగ స్టెన్సిల్‌ని, అంటే అచ్చురేకు పెట్టి తర్వాతెవరో రంగుతో వేసిన రాతని, పట్టుకోవాలంటే చీకటి గదిలో టార్చ్‌ని పక్కనుంచి వాలుగా వేసి చూడు. పాత గీతలు అక్షరాన్ని కూడా కోసుకుంటూ పోవాలి. గీత మీదుగా అక్షరం వచ్చి, ఆ గుంటలోకి పసుపు దిగి ఉంటే ఎవరో ఈ మధ్య వేసినదే. ఒక్కోసారి ఆ వెలుతురులో అడుగున చెరిపేసిన పాత రాత కూడా బయటపడుతుంది. అది కనిపిస్తే వెంటనే ఫొటో తీయి.

శుభ్రం చేయడానికి మెత్తని బ్రష్, కొద్దిగా సబ్బునీళ్లు చాలు. అదీ ముందు అడుగున ఒక మూల రుద్ది చూశాకే. థిన్నర్ దగ్గరికి రానీయకు. లోపల తూటాలేమైనా మిగిలి, అవేంటో తెలియకపోతే కదపకుండా పోలీసులకు ఫోన్ చెయ్యి.

పోస్టులో ఎవరికైనా పంపాలంటే పెట్టె మీద ఉండే పేలుడు సరుకు ప్రమాద గుర్తులు బయటికి కనిపించకూడదు. అందుకని రాతలు చెరపకు, అట్టపెట్టెలో పెట్టి పంపు.

లాట్ నంబర్ వరస మాత్రం నీ ఫొటోల్లో మసకగా ఉంది. పగటి వెలుతురులో దగ్గర నుంచి తీసి పంపు, కలిసి చదువుదాం.

పెదనాన్న