లోము వ్యాసంలో నువ్వు వదిలేసినవి

టి. నగర్, చెన్నై

తమ్ముడూ,

న్యూజిలాండ్ రగ్బీ ఆటగాడు జోనా లోము మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు, కాదనను. కానీ మొదటి పేజీ నిండా 63 టెస్టులు (దేశాల మధ్య మ్యాచులు), 37 ట్రైలు, 196 సెంటీమీటర్లు అంటూ బయోడేటా ఒప్పజెప్పావు. వేళచ్చేరిలో నీ రూమ్మేటుకి ట్రై అంటే ఏంటో తెలుసా? అవతలివాళ్ల గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. ముందు ఆ ముక్క చెప్పు.

లోము ఆడింది వింగ్ స్థానంలో. వింగ్ అంటే పరిగెత్తేవాడని తేల్చేశావు. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. అలా చేతులు మారుతూ మైదానం అంచున ఉన్న వింగ్ దాకా రావాలి. పెళ్లి పంక్తిలో చివరి విస్తరి అది, వడ్డన వచ్చేసరికి ఏం మిగిలితే అదే. 80 నిమిషాల్లో చాలాసేపు అతని చేతిలో బంతే ఉండదు. మరి ఏం చేస్తుంటాడు? అవతలివాళ్లు తన్నే బంతి కోసం వెనక్కి జరుగుతాడు, తనవాళ్లు తన్నితే దాని వెంటపడతాడు, ఎదుటి వింగ్‌ని కాపు కాస్తాడు. కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి నీ వీడియోల్లో ఇది సరిగా కనపడదు. మన ఊళ్లో ఆడేవాళ్లున్నారు, ఓ ప్రాక్టీసుకి వెళ్లి వింగ్‌నే చూస్తూ కూర్చో. (అన్నట్టు, 2025లో చెన్నై బుల్స్ జట్టు గెలిచిన రగ్బీ ప్రీమియర్ లీగ్ ఏడుగురి ఆట. లోముది పదిహేనుగురిది. రెండూ కలిపేశావు.)

1995 జూన్ 18, కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్‌తో ప్రపంచకప్ సెమీఫైనల్. లోము చేసిన నాలుగు ట్రైలూ వర్ణించావు, నాలుగుసార్లూ "మెరుపులా"నే. మొదటిదొక్కటే ఉంచు. పాస్ సరిగా రాలేదు, వెనకాల పడింది. తిరిగి అందుకుని ఇంగ్లండ్ ఆటగాడు టోనీ అండర్‌వుడ్‌ని దాటాడు. వాళ్ల కెప్టెన్ కార్లింగ్ వెనకనుంచి కాలు తట్టి పడెయ్యబోయాడు, మనవాడు తూలాడు. ఆ తూలుడులోనే అడ్డొచ్చిన మైక్ క్యాట్‌ని తొక్కుకుంటూ గీత దాటేశాడు. నీ వ్యాసంలో అతను తూలనే లేదు!

ఆరు రోజుల తర్వాత జరిగిన ఫైనల్‌ని ఒక్క వాక్యంతో సరిపెట్టావేం? అదనపు సమయంలో దక్షిణాఫ్రికా 15-12తో గెలిచింది, ఇరువైపులా ఒక్క ట్రై లేదు. అంతెందుకు, దక్షిణాఫ్రికా మీద లోముకి కెరీర్ మొత్తంలో ఒక్క టెస్టు ట్రై కూడా లేదు. నాకైతే కథ ఇక్కడే ఉందనిపిస్తుంది. అంత మనిషిని వాళ్లు ఎలా ఆపారో మ్యాచ్ పెట్టుకుని చూసి, రెండు పేజీలు రాయి.

ఆ ఏడాది చివర్లోనే కిడ్నీ జబ్బు బయటపడింది. అయినా 1999 ప్రపంచకప్‌లో 8 ట్రైలు. 2004లో కిడ్నీ మార్పిడి, 2015లో నలభయ్యేళ్లకే మరణం. "విధి వక్రించింది" కొట్టెయ్, తేదీలు వరసగా పెడితే చాలు. 2007 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా ఆటగాడు హబానా కూడా 8 చేసి సమం చేసిన సంగతికి ఒక్క లైనే ఎక్కువ.

ఆదివారం ఇంట్లోనే ఉంటాను. కొత్త ప్రతి ప్రింటు తీసుకునిరా, ఫోన్‌లో చదవడం నా వల్ల కాదు.

ఆశీస్సులతో,
అన్నయ్య