గుడ్ల డబ్బు కనిపిస్తోంది, దాణా ఖర్చు కనిపించడం లేదు

ప్రశ్న: మాది పల్లెటూరు. పన్నెండేళ్లుగా పెరట్లో కోళ్లు పెంచుతున్నాం. ఆరు పెట్టలతో మొదలుపెట్టాం. మూడో ఏడు తెగులు తగిలి వారం తిరగకముందే గూడు ఖాళీ అయింది. మళ్లీ కూడగట్టుకున్నాం. ఇంకోసారి కుక్కలు పడి సగం పోయాయి. ఇప్పుడు ముప్ఫై దాకా ఉన్నాయి. పిల్లలు స్థిరపడ్డారు. బ్యాంకులో ఉన్న డిపాజిట్ తీసి, చాలకపోతే అప్పు చేసి, రెండు వందల కోళ్లకు షెడ్డు వేద్దామని మావారు అంటున్నారు. ఇన్నేళ్లలో మనకు మిగిలిందేమీ లేదని నేను అంటున్నాను. గుడ్లు పెట్టడం మానేసిన పాత పెట్టలు ఎనిమిది ఉన్నాయి, వాటిని అమ్మడానికి నాకు మనసు రాదు. మా ఇద్దరిలో ఎవరి మాట సరైనది?

జవాబు: డిపాజిట్ ముట్టుకోకండి, అప్పు అసలే వద్దు. ఇది ముందే చెప్పేస్తున్నాను. అలాగని మీ వారిది తప్పు, మీది ఒప్పు అని కాదు. గుడ్లు అమ్మిన డబ్బు ఆయన చేతికి వస్తోంది, అందుకే ఆయనకు లాభం కనిపిస్తోంది. దాణా బస్తా ఖాళీ కావడం మీరు రోజూ చూస్తున్నారు, అందుకే మీకు నష్టం కనిపిస్తోంది. ఈ రెండూ పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఒకే కాగితం మీదకు వచ్చినట్లు లేదు.

ముందు దాణా సంగతి చూద్దాం. కోళ్ల పెంపకంలో అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. ఎదిగిన పెట్ట రోజుకు 110 గ్రాములకు కాస్త అటూ ఇటూగా మేస్తుంది. అంటే ఏడాదికి 40 కిలోలు. ఏడాదికి 250 గుడ్లు పెట్టే మేలుజాతి పెట్ట అయితే ఒక్కో గుడ్డు వెనుక 160 గ్రాముల దాణా ఉన్నట్లు. 120 గుడ్లతో సరిపెట్టే పెట్ట అయితే గుడ్డుకు 330 గ్రాములు దాటుతుంది. మీరు కిలో దాణా ఎంతకు కొంటున్నారో, గుడ్డు ఎంతకు అమ్ముతున్నారో మీకు తెలుసు. ఆ ధరలను ఈ గ్రాములతో కలిపి ఈ రాత్రే లెక్క వేయండి. చాలామందికి ఇక్కడే కళ్లు తెరుచుకుంటాయి. నాటు పెట్టలు ఇంకా తక్కువ గుడ్లు పెడతాయి. అయినా అవి గిట్టుబాటు కావడానికి కారణం ఒక్కటే, తిండిలో ఎక్కువ భాగం అవే వెతుక్కుంటాయి.

మీ ముప్ఫై కోళ్లు ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది కూడా అందుకే. పెరట్లో పురుగులు, గడ్డి గింజలు, వంటింట్లో మిగిలినవి అన్నీ కలిసి వాటి కడుపులో కొంత భాగం నింపాయి. రెండు వందల కోళ్లు వచ్చినంత మాత్రాన పెరడు పెరగదు, వంటింట్లో మిగులూ పెరగదు. కొత్తగా వచ్చే ప్రతి కోడీ మొదటి పిడికిలి నుంచి చివరి పిడికిలి దాకా కొన్న దాణా మీదే బతకాలి. ముప్ఫైకి కుదిరిన లెక్కను ఏడు రెట్లు చేసి రెండు వందలకు చూసుకోవడం వల్లే ఎన్నో కుటుంబాలు దెబ్బతింటున్నాయి. మీ వారికి ఈ ఒక్క ముక్క నెమ్మదిగా వివరించండి.

అప్పు ఎందుకు వద్దంటున్నానంటే, బ్యాంకు కంతు నెలనెలా వస్తుంది, గుడ్లు అలా రావు. కోడిపిల్లలను తెచ్చి పెంచితే తొలి గుడ్డు చూడటానికే జాతిని బట్టి ఐదారు నెలలు పడుతుంది. ఆ వయసుకు వచ్చేసరికి ఒక్కో పెట్ట ఏడెనిమిది కిలోల దాణా తినేసి ఉంటుంది. మీరే ఇంట్లో పొదిగించుకుంటే పుట్టినవాటిలో సగం పుంజులు. వాటి మేతనూ పెట్టల ఖాతాలోనే వేసుకోవాలి. పైగా పొదిగే పెట్ట 21 రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది, ఆ తరువాత వారాల తరబడి పిల్లలతో తిరుగుతుంది. అన్నాళ్లూ అది గుడ్లు పెట్టదు. గుడ్లు మొదలయ్యాక కూడా పొద్దు కురచయ్యే నెలల్లో తగ్గిపోతాయి. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుగు ఉంటేనే పెట్టలు నిండుగా పెడతాయి. ఏడాదికోసారి పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకునేటప్పుడు రెండు మూడు నెలలు పూర్తిగా ఆగిపోవచ్చు. ఇక మొదటి ఏడాది పెట్టినన్ని రెండో ఏడాది పెట్టవు, మూడో ఏడాది ఇంకా తగ్గుతాయి. ఇలాంటి రాబడి మీద నెలవారీ కంతు పెట్టుకుంటే, గుడ్లు లేని నెలల్లో ఆ కంతు మీ ఇంటి ఖర్చుల్లోంచే పోతుంది.

పైగా మీరు రెండు పెద్ద దెబ్బలు తిన్నవారు. తెగులంటే మీరు చెప్పిన తీరును బట్టి కొక్కెర తెగులే కావచ్చు. దానికి మందు లేదు, ముందుగా వేయించే టీకా ఒక్కటే దారి. టీకా సీసాలు సాధారణంగా వంద మోతాదులకు తక్కువ ఉండవు, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ముప్ఫై కోళ్లకు ఒక సీసా దండగ అని మానేసేవారిని చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఇరుగుపొరుగు నాలుగు ఇళ్లవారు ఒకే రోజు అనుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, చుట్టూ తెగులు కూడా తగ్గుతుంది. కొత్తగా కొన్న కోడిని కనీసం మూడు వారాలు విడిగా ఉంచండి. కుక్కల విషయానికి వస్తే, సన్నటి తీగతో అల్లిన కోళ్ల వల కోళ్లను లోపల ఉంచుతుంది గాని కుక్కను బయట ఆపలేదు. వెల్డింగ్ చేసిన గట్టి ఇనుప జాలీ కావాలి. డబ్బు పెట్టాలనే ఉంటే మొదట దీని మీద పెట్టమని మీ వారితో చెప్పండి. కొత్తగా నూట డెబ్బై కోళ్లు కొనడం కంటే ఉన్న ముప్ఫైని పోగొట్టుకోకుండా ఉండటమే మీకు ఎక్కువ ఆదాయం.

గూడు తలుపుకు ఒక నోటు పుస్తకం, పెన్సిలు కట్టండి. తీసిన గుడ్లెన్ని, అమ్మినవెన్ని, ఇంట్లో వాడుకున్నవెన్ని, వేసిన దాణా ఎంత, చచ్చినవెన్ని అన్నది ఏ రోజుకా రోజు రాయండి. ఇంట్లో వాడుకున్నవీ రాబడే, బయట కొంటే ఎంతయ్యేదో ఆ ధర వేసుకోండి. బాగా కుళ్లబెట్టి మొక్కలకు వేసే ఎరువు కూడా అంతే. మీ ఇద్దరి పనిగంటలు వేరే గడిలో రాయండి. తలుపు తీసేది, నీళ్లు మార్చేది, రాత్రి గడియ పెట్టేది ఎవరో మీ ఉత్తరంలో లేదు, కానీ నాకు చాలావరకు అర్థమైంది. రెండు వందల కోళ్లను ఒక్క పూట కూడా వదిలి ఊరు వెళ్లలేరు. పిల్లల దగ్గరకు వెళ్లి నాలుగు రోజులు ఉండాలనుకునే వయసులో ఆ కట్టు మెడకు తగిలించుకోవాలా అన్నది ఇద్దరూ మాట్లాడుకోండి.

ఏడాది రాసి చూడండి. మీ కష్టానికి విలువ కట్టాక కూడా మిగులు కనిపిస్తే, ఆ మిగులుతోనే యాభై అరవై దాకా పెంచండి. ఒకేసారి కాకుండా రెండు ఈడులవి ఉండేలా, ఏటా సగం కొత్తవి వచ్చేలా చూసుకుంటే గుడ్లు ఒక్కసారిగా పడిపోవు. డిపాజిట్‌లో కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు, వైద్యానికి కొంత ఎప్పుడూ కదపకుండా ఉండాలి.

ఇక పాత పెట్టలు. అవి నిజంగా మానేశాయో లేదో ముందు చూడండి. రాత్రి దండె మీద నిద్రపోతున్నప్పుడు ఒక్కొక్కదాన్నీ తీసుకుని, తోక కింద ఉండే రెండు సన్నటి ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు మూడు వేళ్లు పడితే అది ఇంకా పెడుతున్నట్లే. వేలు కూడా సరిగా పట్టకుండా, తురాయి పాలిపోయి, ముడుచుకుని ఉంటే మానేసినట్లు. ఎనిమిదీ మానేసినవే అయి, కొన్న దాణా మీదే బతుకుతుంటే ఏడాదికి దగ్గరదగ్గర 320 కిలోలు వాటికే పోతుంది. మీకు మనసు రాకపోవడంలో తప్పేమీ లేదు, ఇన్నేళ్లు మీ చేతి మేత తిన్నవి. అందుకని మీకు బాగా మాలిమి అయిన రెండు మూడింటిని ఉంచుకుని, వాటి మేతను కోళ్ల లెక్కలో కాకుండా ఇంటి ఖర్చులో రాయండి. మిగతావాటిని ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలో నిర్ణయం మీకే వదిలేయమని మీ వారికి నా మాటగా చెప్పండి. గుడ్ల డబ్బు ఇకపై మీ పేరిట విడిగా తెరిచిన ఖాతాలో పడాలి. దాణా కూడా ఆ ఖాతాలోంచే కొనండి.