తండ్రిని పిలిపించడం విచారణ కాదు

ఒంగోలు దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో చదువుతున్న మీ తమ్ముణ్ణి, ఏ తప్పు చేశాడో కాగితం మీద చెప్పకుండా రెండు వారాలు తరగతులకు రావద్దన్నారనీ, తండ్రిని వెంటబెట్టుకొని వస్తేనే లోపలికి రానిస్తామంటున్నారనీ, కళాశాలకు అంత అధికారం ఉందా అనీ మీరు అడిగారు. సస్పెండ్ చేసే అధికారం ప్రిన్సిపాల్‌కు ఉంది. అయితే తప్పేమిటో చెప్పకుండా, విద్యార్థి మాట వినకుండా శిక్ష వేసే అధికారం ఎవరికీ లేదు. నేను ప్రకాశం జిల్లాలో ఇరవై ఆరేళ్లు అర్థశాస్త్రం బోధించాను. అందులో అయిదేళ్లు క్రమశిక్షణ కమిటీలో సభ్యుడిగా ఉన్నాను. ఆ అయిదేళ్లలో పెట్టిన సంతకాల్లో ఒకదాన్ని ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను కాబట్టి, మీ ప్రశ్నకు కొంచెం వివరంగానే జవాబు రాస్తున్నాను.

2017 మార్చి చివరి వారంలో మా కళాశాలలో నోటీసు బోర్డు అద్దం పగిలింది. ఆ బోర్డులో పెట్టిన హాజరు తక్కువైన విద్యార్థుల జాబితా కూడా కనిపించలేదు. 75 శాతం హాజరు లేనివారు కండొనేషన్ ఫీజు (హాజరు లోటును మన్నించడానికి కట్టించుకునే రుసుము) కట్టాలన్న ప్రకటన దాని కిందనే ఉండేది కనుక, ఆ జాబితాలో పేరున్నవారెవరో కోపంతో అద్దం పగలగొట్టి కాగితం చించేశారని అందరం తేల్చేశాం. ఎర్ర చొక్కా వేసుకున్న కుర్రవాడొకడు బోర్డు దగ్గర నిలబడి ఉండగా చూశానని అటెండర్ చెప్పాడు. ఆ రోజు ఎర్ర చొక్కా వేసుకొని వచ్చినవారిలో జాబితాలో పేరున్నవాడు ఒక్కడే దొరికాడు. అతడు కొండపి వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే రెండో సంవత్సరం విద్యార్థి.

ఆ అబ్బాయికి హాజరు ఎందుకు తగ్గిందో మా ప్రాంతంలో ఎవరైనా అడగకుండానే చెప్పగలరు. పొగాకు ఆకును బ్యారన్‌లోకి, అంటే వేడి పెట్టి ఆకు ఆరబెట్టే గదిలోకి, ఎక్కించాక అయిదారు రోజులు రాత్రింబవళ్లు మంట చూసుకోవాలి. వేడి ఒక్క పూట అటూ ఇటూ అయినా ఆకు రంగు చెడి, వేలంలో ధర పడిపోతుంది. కూలి మనిషిని పెట్టుకునే స్తోమత లేని ఇంట్లో రాత్రి కాపలా చదువుకునే కొడుకుదే. డిసెంబరు నుంచి మార్చి వరకు మా తరగతి గదుల్లో వెనక బెంచీల మీద తలవాల్చి నిద్రపోయే పిల్లల్లో సగం మంది బ్యారన్ దగ్గర నుంచి నేరుగా వచ్చినవారేనని నా నమ్మకం.

కమిటీ ముందుకు వచ్చిన ఆ అబ్బాయి, "సార్, నేను వచ్చేసరికే అద్దం పగిలి ఉంది, జాబితాలో నా పేరుందేమో చూద్దామని నిలబడ్డాను" అన్నాడు. ఆ మాట మేం రాసుకోలేదు. "మీ నాన్నను తీసుకొని రా, అప్పుడు మాట్లాడదాం" అని ప్రిన్సిపాల్ అన్నారు, మేమందరం తల ఊపాం. అంతటితో మా విచారణ ముగిసింది.

మూడోరోజు ఉదయం తండ్రి వచ్చాడు. అదే రోజు వేలం కేంద్రంలో తన పొగాకు బేళ్ల (మూటల) వంతు అనీ, వాటిని బావమరిదికి అప్పగించి వచ్చాననీ, పన్నెండింటికల్లా వదిలిపెడితే మేలనీ ఆయన అటెండర్‌తో చెప్పుకున్నాడట. పదిన్నరకు వచ్చిన మనిషిని ఒంటిగంట దాకా వరండాలో నిలబెట్టారు. ఛాంబర్‌లోకి పిలిచినప్పుడు, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకొని, ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. మాలో ఎవరమూ కూర్చోమనలేదు. పెంపకం గురించీ, కాలం చెడిపోవడం గురించీ, పిల్లల చేతికి సెల్‌ఫోన్లు ఇవ్వడం గురించీ ఇరవై నిమిషాలు ఆయనకు ఉపదేశం జరిగింది. తన కొడుకు ఏం చేశాడని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. "తప్పయిపోయింది సార్, ఈసారికి క్షమించండి" అని మూడు నాలుగుసార్లు అన్నాడు. పక్కన నిలబడిన కొడుకు ఒకసారి "నాన్నా, నేను కాదు" అనబోతే, ఆయన కన్నెత్తి చూసేసరికి ఆ అబ్బాయి ఆగిపోయాడు.

హామీపత్రం మీద సంతకం చేసేటప్పుడు ఆయన చేతివేళ్లకు పొగాకు మరక ఉంది. ఎన్ని నీళ్లతో కడిగినా, ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగు రోజుల్లో ఆ గోధుమరంగు గోళ్ల సందుల్లోంచి పోదు. కాగితం కదలకుండా ఎడమచేత్తో అదిమిపట్టిన చోట బొటనవేలి ముద్ర పడింది. దాని పక్కనే నేను సభ్యుడిగా సంతకం చేశాను. పదిహేను రోజుల సస్పెన్షన్, 500 రూపాయల జరిమానా విధించాం. ఆ జరిమానాకు రసీదు కూడా ఇవ్వలేదని తరువాత తెలిసింది.

సెలవు మీద వెళ్లిన జూనియర్ అసిస్టెంటు ఏప్రిల్‌లో తిరిగి వచ్చి తన ఫైలు తెరిస్తే, ఆ జాబితా చెక్కుచెదరకుండా అందులోనే ఉంది. నాలుగు మూలల్లో గుండుసూది రంధ్రాలు, మధ్యలో దిద్దవలసిన రెండు పేర్ల కింద పెన్సిలు గీతలు ఉన్నాయి. తప్పులు సరిచేయడానికి ఆయనే దాన్ని తీసి పెట్టుకున్నాడు. ఇంటర్నల్ పరీక్షల కోసం బెంచీలు మోసిన పనివాళ్ల చేతిలో ఒక బెంచీ మూల తగిలి అద్దం పగిలిందనీ, ఆ సంగతి ఆ రోజే చెప్పామనీ వాళ్లు అన్నారు. ఆఫీసులో ఒక్క ప్రశ్న అడిగి ఉన్నా, ఆ అబ్బాయి చెప్పిన ఒక్క వాక్యాన్ని రాసుకొని నిజమో కాదో చూసి ఉన్నా, ఆ తండ్రి మా ముందు అలా నిలబడవలసిన అవసరం వచ్చేదే కాదు.

న్యాయస్థానాలు చెప్పిన సంగతి కూడా మీకు ఉపయోగపడుతుంది. ఉత్తరప్రదేశ్‌లో పరీక్షలో అక్రమాలకు పాల్పడ్డారంటూ కొందరు విద్యార్థుల ఫలితాలను బోర్డు వారి మాట వినకుండానే రద్దు చేస్తే, అది చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే తీర్పు చెప్పింది. రాంచీ వైద్యకళాశాల కేసులో 1973లో వచ్చిన తీర్పును కళాశాలలవారు తమకు అనుకూలంగా చూపుతుంటారు. అక్కడ బాలికల వసతిగృహంలోకి చొరబడిన విద్యార్థులపై సాక్ష్యాలను వారి పరోక్షంలోనే నమోదు చేశారు. సాక్ష్యం చెప్పిన అమ్మాయిల భద్రత దృష్ట్యా కోర్టు దాన్ని సమర్థించింది. కాని ఆ కేసులో కూడా నిందితులకు ఆరోపణ ఏమిటో వివరించి, సమాధానం తీసుకున్నారన్న సంగతిని ఎవరూ చెప్పరు. అంత తీవ్రమైన నేరంలోనే అడిగినప్పుడు, పగిలిన అద్దానికి అడగకపోవడం ఏం న్యాయం? ర్యాగింగ్ విషయం వేరు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం కింద జైలుశిక్ష కూడా పడుతుంది, ప్రాథమికంగా నిజమని తోస్తే ప్రిన్సిపాల్ వెంటనే సస్పెండ్ చేయవచ్చు. అందులో మెతకగా ఉండాలని నేను ఎన్నడూ అనను.

తండ్రిని పిలిపించే ఈ అలవాటు ఆడపిల్లల విషయంలో ఇంకా అన్యాయం చేస్తుంది. బస్టాండులో తోటి విద్యార్థితో మాట్లాడుతుండగా చూశామని ఒక అమ్మాయి తండ్రికి మా కళాశాల నుంచే ఫోన్ వెళ్లింది. పొదిలి వైపు నుంచి వచ్చే ఆ పిల్ల చదువులో ముందుండేది. మరుసటి జూన్‌లో తరగతికి రాలేదు, పెళ్లి కుదిరిందని స్నేహితురాళ్లు చెప్పారు. ఆ ఫోన్ చేసినవారు తాము ఒక శిక్ష వేశామని కూడా అనుకొని ఉండరు. మగపిల్లవాడికి పదిహేను రోజుల్లో ముగిసేది ఆడపిల్లకు జీవితాంతం మిగులుతుంది.

నిజం తెలిశాక ఆ అబ్బాయి తండ్రికి కళాశాల తరఫున ఒక ఉత్తరం రాద్దామని కమిటీలో అన్నాను. అలా చేస్తే రేపు ప్రతివాడూ ఎదురు తిరుగుతాడని నా మాట తోసిపుచ్చారు. ఒక ఆదివారం నేనే ఆ ఊరు వెళ్లాను. ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం వాల్చి, దుప్పటి పరచి, ఆయన నన్ను కూర్చోబెట్టాడు. మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. జరిగింది చెప్పి, తప్పు మాదేనన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మీరింత దూరం రావడం ఎందుకు సార్, కబురు చేస్తే మేమే వచ్చేవాళ్లం గదా" అన్నాడు. ఆ రోజు వేలంలో తన బేళ్లలో మూడింటికి కొనేవాడు లేక వెనక్కు వచ్చాయని మాటల మధ్య తెలిసింది. ఆయన దాన్ని ఫిర్యాదుగా చెప్పలేదు. ఆ అబ్బాయి నాతో మాట్లాడలేదు, దొడ్లోనే ఉండిపోయాడు. పరీక్షలు రాశాడు గానీ, మూడో సంవత్సరానికి టీసీ తీసుకొని వేరే కళాశాలకు వెళ్లిపోయాడు.

మీరు చేయవలసినది ఇది. ఆరోపణ ఏమిటో, ఏ తేదీన ఏం జరిగిందో, ఏ ఆధారంతో చర్య తీసుకున్నారో లిఖితపూర్వకంగా తెలపమనీ, తన సమాధానం నమోదు చేయమనీ మీ తమ్ముడి చేతనే ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు రాయించండి. జవాబు రాకపోతే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2023 నిబంధనల ప్రకారం కళాశాలలో ఉండవలసిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి ఇవ్వండి. ఆ కమిటీ వీలైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడా న్యాయం జరగకపోతే విద్యార్థుల అప్పీళ్లు వినడానికి విశ్వవిద్యాలయం నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేస్తామని బెదిరిస్తే భయపడవద్దు, వాటిని కళాశాల దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. మీ నాన్నగారు వెళ్లదలచుకుంటే ఆయనకు వీలైన రోజునే వెళ్లమనండి, ముందు మీ తమ్ముడు తన మాట కాగితం మీద పెట్టాక మాత్రమే వెళ్లమనండి. దరఖాస్తు రెండు ప్రతులు తీసి, మీ దగ్గర ఉండే ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.