పూటపడటం అంటే ఏమిటో మీ ఆయన్ని అడిగారా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. పుట్టిల్లు జ్ఞానాపురం, కేథలిక్కులం. పన్నెండేళ్ల కిందట గాజువాకలో ప్రొటెస్టెంట్ ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయన ఓ ప్రైవేటు కంపెనీలో ఫిట్టరు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, ఆ డబ్బులు నోటు పుస్తకంలో రాసుకుంటాను. చేపల రవాణాకి బండి కొంటానని మా మరిది ఫైనాన్సులో ఆరు లక్షలు తీసుకున్నాడు. నాకు చెప్పకుండా మా ఆయన షూరిటీ సంతకం పెట్టారు. ఐదు నెలలుగా వాయిదాలు కట్టలేదు, ఫైనాన్సు వాళ్లు మా గుమ్మంలోకి వస్తున్నారు. పాత బాకీ సర్దడానికి కొత్త లోన్ ఇస్తారట. దాని మీద నేనూ సంతకం పెట్టాలట, మా అమ్మ పెట్టిన నాలుగు గాజులూ ఇవ్వాలట. వద్దంటే ఇంట్లో బైబిలు తీస్తున్నారు. అత్తగారు సామెతలు 31వ అధ్యాయం చదివి, గుణవతి అంటే నీలా ఉండదంటారు. మా ఆయనేమో గయ్యాళితో పెద్ద ఇంట్లో ఉండేకంటే మిద్దె మీద మూలన ఉండటం మేలన్న వాక్యం నవ్వుతూ చెబుతారు. ప్రార్థనకి వచ్చే ఒకావిడ, ‘మీ ఇంట్లో ఏదో పాపం దాగుంది, అందుకే ఈ నష్టం’ అంది. నేను కాదంటే పాపమా? నోరు మూసుకోవడమే జ్ఞానమా?

జవాబు: గాజులివ్వనంటే పాపం కాదమ్మా. కొత్త కాగితం మీద సంతకం పెట్టనన్నా పాపం కాదు. ఇది ముందే చెప్పేస్తే మిగతాది మీరు స్థిమితంగా చదువుకుంటారని చెబుతున్నాను.

మీ ఇంట్లో సామెతల గ్రంథం బాగానే తెరుస్తున్నారు. ఆరో అధ్యాయం దగ్గర మాత్రం పేజీలు అతుక్కుపోయినట్టున్నాయి. నీ చెలికాడి కోసం పూటపడితే ఏం చెయ్యాలో ఆ అధ్యాయం మొదట్లోనే ఉంది. పూటపడటం అన్న మాట ఇప్పుడు ఎవరి నోటా వినపడదు. అదేదో పొద్దుటిపూట, సాయంత్రంపూట లాంటిదనుకుని దాటేసేవాళ్లని చూశాను. పూటపడటమంటే ఇంకొకరి అప్పుకి పూచీ ఉండటం. అంటే షూరిటీ సంతకమే. మీ ఆయన చేసిన పని పేరు పెట్టి మరీ అందులో ఉంది.

చేసినవాడికి ఏం చెబుతుందో కూడా చూడండి. నీ నోటి మాటే నీకు ఉచ్చు అయింది, వెంటనే ఆ మనిషి దగ్గరకి వెళ్లు, తగ్గి మాట్లాడు, బతిమాలు, వదలకుండా వెంటపడు. కంటికి నిద్ర రానివ్వకు. వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో. జరిగిపోయిన సంతకం గురించి తవ్వుకుంటూ కూర్చోదు. పెట్టావు సరే, ఇవాళ రాత్రి మాత్రం పడుకోకు అంటుంది. ఇంతమందికి సలహాలు చెప్పే నాకు, ఇంతకంటే పనికొచ్చే వరస దొరకలేదు. పైగా ఒక్కచోట చెప్పి ఊరుకోలేదు. 11, 17, 20 అధ్యాయాల్లోనూ ఇదే హెచ్చరిక. 22లో అయితే, తీర్చడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కింది పరుపు కూడా లాక్కుపోతారు, ఎందుకొచ్చిన పని అని అడుగుతుంది.

మా ఇంట్లో పరుపు పోలేదు గానీ, నాన్న తోటి ఉద్యోగికి సంతకం పెట్టిన పుణ్యాన మూడేళ్లు జీతంలో కోత పడింది. ప్రతి నెలా ఆ జీతం చీటీని అమ్మ బియ్యం డబ్బాలో, బియ్యం కిందికి దోపేది. పిల్లల కంట పడకూడదని. అన్నానికి బియ్యం కొలిచేది నేనే కాబట్టి ప్రతి నెలా నా చేతికే తగిలేది. అందుకే ఈ విషయంలో నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

అలాగని షూరిటీ ఉన్నవాడు తెలివితక్కువవాడని తీర్పిచ్చేయకండి. మీ పుట్టింటి బైబిల్లో సీరా జ్ఞానగ్రంథం ఉంటుంది. మీ అత్తగారి బైబిల్లో అది ఉండదు. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం మొదట్లో యెరూషలేము పండితుడొకాయన హెబ్రీలో రాస్తే, తర్వాత మనవడు గ్రీకులోకి మార్చాడు. దాని 29వ అధ్యాయం మంచివాడు పొరుగువాడికి పూచీ ఉంటాడంటుంది. నీకు పూచీ ఉన్నవాడి మేలు మరిచిపోకు, నీ కోసం తన బతుకే ఒడ్డాడని అప్పు తీసుకున్నవాడికీ చెబుతుంది. ఇది మీ మరిది చదవాల్సిన ముక్క. ఆ వెంటనే ఇంకో సంగతి: పూచీ ఎంతోమంది కలిగినవాళ్లని ముంచింది, సముద్రపు అల మీది వస్తువులా అటూ ఇటూ విసిరేసింది. మన ఊళ్లో అల ఎలా విసురుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. చివరికి తేల్చేదేమిటంటే, నీ శక్తి మేరకు సాయం చెయ్యి, నువ్వు పడిపోకుండా చూసుకో. మీ ఆయనది మంచి మనసే. శక్తి ఎంతో లెక్క చూసుకోలేదు, మీకు చెప్పలేదు. తప్పు ఆ రెండు చోట్లే ఉంది.

ఇక అత్తగారి 31వ అధ్యాయం. మొదటి వాక్యం నుంచి చదవమనండి. లెమూయేలు అనే రాజుకి వాళ్లమ్మ నేర్పిన మాటలతో ఆ అధ్యాయం మొదలవుతుంది. అంటే తల్లి కొడుకుని కూర్చోబెట్టి బుద్ధి చెబుతోంది, కోడల్ని కాదు! పదో వాక్యం నుంచి వచ్చే గుణవతి పద్యానికి హెబ్రీలో ఇరవై రెండు వాక్యాలు, ఒక్కో అక్షరంతో ఒక్కోటి, మన వర్ణమాల పాటలాగా. అందులో ఆవిడ పొలం చూసి, ఆలోచించి కొంటుంది. తన సంపాదనతో ద్రాక్షతోట వేస్తుంది. తన సరుకు లాభసాటిగా ఉందో లేదో చూసుకుంటుంది. నోరు తెరిస్తే జ్ఞానం మాట్లాడుతుంది. భర్త చూపించిన చోట కళ్లు మూసుకుని సంతకం పెట్టిందని ఎక్కడా లేదు. కుట్టు డబ్బులు నోటు పుస్తకంలో రాసుకునే మీరే ఆవిడకి దగ్గరగా ఉన్నారు.

గయ్యాళి వాక్యం కూడా ఆ గ్రంథంలో ఉన్నదే, రెండు చోట్ల ఉంది, కాదనను. మూర్ఖుడి నోట్లో సామెత తాగినవాడి చేతిలో ముల్లు లాంటిదన్న మాట కూడా 26వ అధ్యాయంలో ఉంది. ఇది ఆయనకి వినిపించమని చెప్పడం లేదు, దయచేసి వినిపించకండి. వాక్యానికి వాక్యం విసురుకుంటూ పోతే ఫైనాన్సు వాళ్ల వడ్డీ ఆగదు.

నోరు మూసుకోవాలా అని అడిగారు. అదే అధ్యాయంలో పక్కపక్కనే రెండు వాక్యాలున్నాయి. ఒకటి మూర్ఖుడికి అతని మూఢతలోనే జవాబివ్వకు అంటే, రెండోది ఇవ్వు అంటుంది. ఈ సామెతలు కూర్చినవాళ్లకి తెలియక కాదు. ఏ వేళకి ఏది అన్నది చదివేవాడే తేల్చుకోవాలని అలా ఉంచారని నా నమ్మకం. గుమ్మంలో వసూలువాళ్లు నిలబడి ఉన్నప్పుడు, అత్తగారి ఎదుట, షిఫ్టు నుంచి వచ్చి ఆయన బూట్లు విప్పుతున్నప్పుడు ఊరుకోండి. ఆదివారం సాయంత్రం ఆయన్ని ఒక్కరినే బండి మీద అప్పికొండ తీరానికి తీసుకెళ్లండి. ‘ఎందుకు పెట్టారు’ అని మొదలుపెట్టొద్దు. ‘ఇప్పటికి మొత్తం బాకీ ఎంత?’ అని అడగండి. చాలా ఇళ్లలో ఈ ఒక్క ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా ఉండదు, టెన్షన్ మాత్రం అందరి దగ్గరా ఉంటుంది.

దాగి ఉన్న పాపం సంగతి. బైబిల్లో ఏ తప్పూ చెయ్యకుండానే కష్టాలన్నీ మీదపడ్డ యోబు దగ్గరకి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అని ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత నోరు తెరిచి, నువ్వేదో చేసే ఉంటావు అంటూ అధ్యాయాల కొద్దీ వాదించారు. చివరికి దేవుడు, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదని వాళ్ల మీదే కోపగించాడు. ఆ ప్రార్థన ఆవిడకి ఓ కప్పు టీ ఇచ్చి పంపండి, చాలు.

ఇక కాగితాల పని. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. ముందు మీ మరిదిని పట్టుకుని తర్వాతే మీ దగ్గరకి రావాలన్న నియమం లేదు, నేరుగా మీ ఆయన్నే అడగొచ్చు. ఇది చేదు మాటే గానీ తెలిసి ఉండాలి. ఊరట కూడా ఉంది. షూరిటీగా న్యాయంగా కట్టిన డబ్బుని మీ మరిది నుంచి రాబట్టుకునే హక్కు 145వ సెక్షన్ ఇస్తుంది. అందుకే కట్టే ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. అన్నదమ్ముల మధ్య రసీదేమిటంటే, సంతకం పెట్టించుకున్నప్పుడు అన్నదమ్ములు కారా అని అడగండి.

కొత్త లోన్ మీద మీరు సంతకం పెడితే ఇప్పటిదాకా మీ ఆయన ఒక్కరిదైన బాధ్యత మీ మెడకీ చుట్టుకుంటుంది. అందుకే ససేమిరా వద్దంటున్నాను. ముందు అన్నదమ్ములిద్దరూ కలిసి ఫైనాన్సు ఆఫీసుకి వెళ్లి లోన్ స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా అడగాలి. బండి ఇప్పుడు ఎవరి దగ్గరుంది, తిరుగుతోందా, అమ్మితే ఎంతొస్తుంది? మీ ఉత్తరంలో ఈ ముక్క లేదు. మీ మరిది వైపు మాట కూడా నేను వినలేదు. మొదట చెప్పుకున్నవాడిదే న్యాయమనిపిస్తుంది, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించేదాకా అని సామెతల గ్రంథం 18వ అధ్యాయం అంటుంది, కాబట్టి అతన్ని మోసగాడనే పని నేను పెట్టుకోను. బండి అమ్మేసి మిగిలిన బాకీకి గడువు పెంచమని అడగడం, నాలుగు గాజులు కరిగించడం కంటే ముందు చెయ్యాల్సిన పని.

వసూలువాళ్లు పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు దాటాక ఫోన్లు చేసి వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022లో తన అజమాయిషీలోని సంస్థలకి చెప్పింది. వచ్చినవాళ్ల టైము, అన్న మాటలు మీ కుట్టు లెక్కల పుస్తకంలోనే వెనక పేజీలో రాయండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టంలో ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. సంతకం కోసం ఆయన గానీ ఇంకెవరైనా గానీ చేయి చేసుకుంటే మాత్రం సలహా కోసం చూడకుండా మహిళల హెల్ప్‌లైన్ 181కి చెయ్యండి.

మీ అమ్మ పెట్టిన గాజులు మీవి. బీరువా తాళం మీ దగ్గరే ఉంచుకోండి. స్టేట్‌మెంట్ చేతికొచ్చాక అసలెంత, వడ్డీ ఎంత, జరిమానా ఎంత అని మూడు వరుసల్లో రాసి పంపండి. గడువు పెంచమని అడిగే ఉత్తరం ఎలా ఉండాలో అప్పుడు చూద్దాం.