పిల్లల క్యాన్సర్ పరిశోధన కోసం ఫుల్ మారథాన్: విరాళాలు, ట్రైనింగ్, ఇంట్లో జాగ్రత్తలు

మీ ప్రశ్న: పాపకి ఏఎల్ఎల్, అంటే రక్తక్యాన్సర్. కీమోలో గట్టి దశలు అయిపోయి మెయింటెనెన్స్ (జబ్బు తిరిగి రాకుండా చాలాకాలం ఇచ్చే తేలికపాటి కీమో) మొదలైంది. మీరు ఇప్పుడు 10 కి.మీ. ఆగకుండా పరిగెత్తగలరు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్ పరిగెత్తి, పిల్లల క్యాన్సర్ పరిశోధనకి విరాళాలు పోగుచేయాలనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బూట్ల కంటే ముందు, డబ్బు ఎవరికి చేరాలో తేల్చుకోండి. పిల్లల క్యాన్సర్ పేరుతో పనిచేసే సంస్థలన్నీ పరిశోధన చేయవు. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ దూరం నుంచి వైద్యానికి వచ్చిన కుటుంబాలకి ఉచితంగా బస ఇస్తుంది. అమెరికాలో మెంఫిస్‌లో ఉన్న సెయింట్ జూడ్ పరిశోధన ఆసుపత్రి వేరు, ఇది వేరు. అమెరికాలో ఉన్న మన బంధువులు ఈ రెండింటినీ తరచూ కలిపేస్తుంటారు. కడిల్స్ ఫౌండేషన్ పిల్లల తిండి సంగతి చూస్తుంది. ఇవేవీ చిన్న పనులు కావు. బస లేక, తిండి లేక వైద్యం మధ్యలో మానేసే పిల్లలు మన దేశంలో ఇంకా ఉన్నారు. కానీ మీరు విరాళం ఇచ్చేవాళ్లకి "పరిశోధన" అని చెబితే, డబ్బు పరిశోధనకే వెళ్లాలి.

పరిశోధన మన దగ్గరా జరుగుతోంది. ఇండియన్ పీడియాట్రిక్ ఆంకాలజీ గ్రూప్ కింద పలు ఆసుపత్రులు కలిసి ఐసికిల్-ఏఎల్ఎల్-14 అనే ట్రయల్ (చికిత్సని రోగుల్లో పరీక్షించి చూసే అధ్యయనం) నడిపాయి. మన పిల్లల్లో మందుల విషప్రభావం తగ్గించి కూడా జబ్బు నయం చేయగలమా అనేది అందులో ముఖ్యమైన ప్రశ్న. ఇలాంటి పనికి డబ్బు కావాల్సింది పెద్ద యంత్రాలకే కాదు. ప్రతి పిల్లాడి వివరాలూ రాసిపెట్టే డేటా మేనేజర్ జీతం, శాంపిల్స్‌ని మైనస్ 80 డిగ్రీల్లో దాచడం, డ్రై ఐస్‌లో పంపడం, చికిత్స తర్వాత ఇంకా మిగిలిన క్యాన్సర్ కణాల్ని వెతికే ఎంఆర్‌డీ పరీక్షలు, వీటికి కావాలి. డేటా మేనేజర్ లేకపోతే ట్రయల్ కుంటుపడుతుంది. నన్నడిగితే ఆ జీతం కోసం అడగడం సిగ్గుపడాల్సిన విషయమే కాదు.

కాబట్టి మీరు ఎంచుకున్న ఆసుపత్రి లేదా ట్రస్టుకి ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఈ డబ్బు పిల్లల క్యాన్సర్ పరిశోధనకే అని విడిగా ఖాతాలో చూపిస్తారా? నిర్వహణ ఖర్చుల కింద ఎంత శాతం తీసుకుంటారు? పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జి రసీదు ఇస్తారా? విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఇప్పటికీ చెల్లుబాటులో ఉందా? ఏడాది తర్వాత ఖర్చు వివరం పంపిస్తారా? ఒక ఎంఆర్‌డీ పరీక్షకి, నెలకి ఒక డేటా మేనేజర్‌కి ఎంతవుతుందో కూడా అప్పుడే అడిగేయండి. రేపు విరాళాలు అడిగేటప్పుడు ఆ అంకెలే మీకు అక్కరకొస్తాయి.

విరాళం మీ ఖాతాలోకి, మీ ఫోన్‌పే నంబరుకి ఎప్పుడూ రాకూడదు. మీరు పోగుచేసి ఒకేసారి పంపిస్తే రసీదు మీ పేరున వస్తుంది, ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు పోతుంది. పైగా బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి వస్తే అది మీ ఆదాయం కింద లెక్కపడే ప్రమాదం ఉంది. సంస్థ ఇచ్చిన లింకుకే నేరుగా కట్టించండి. పాన్ నంబరు తప్పనిసరిగా అడగాలి, అది లేకపోతే తర్వాత విరాళం సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది రావచ్చు. 2,000 దాటిన నగదుకి మినహాయింపు ఉండదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఈ మినహాయింపే లేదు. ఆ మాట ముందే చెప్పండి, తర్వాత మాట పడక్కర్లేదు. క్రౌడ్‌ఫండింగ్ సైట్ వాడితే "టిప్" పేరుతో కొంత శాతం ముందే టిక్ అయి ఉంటుందేమో చూసి, దాన్ని సున్నా చేసుకోవచ్చని ఇచ్చేవాళ్లకి చెప్పండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల విషయం కొంచెం సున్నితం. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, వాళ్లకి ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. సంస్థకి ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉండే ఎఫ్‌సీఆర్ఏ ఖాతాకే అది వెళ్లాలి. ఆ రిజిస్ట్రేషన్ లేని సంస్థ అయితే ఆ డబ్బు ముట్టుకోకూడదు. అలాంటి బంధువులు అక్కడే సెయింట్ బాల్డ్రిక్స్ లాంటి పరిశోధన సంస్థకి ఇస్తే తేలిక. ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ కూడా తన వంతు కలిపే పద్ధతి (మ్యాచింగ్) వాళ్ల దగ్గర ఉంటే ఆ మొత్తం అదనంగా కలుస్తుంది.

అడిగే పద్ధతి: అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లింకు పడేస్తే అందరూ దండం ఎమోజీ పెడతారు, కట్టేది ఇద్దరే. ముందు మీ విరాళం మీరు వేయండి. ఆ తర్వాత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, దగ్గరి స్నేహితులు, ఒక పదిమందిచేత కట్టించాకే మిగతావాళ్లని అడగండి. సున్నా చూపించే పేజీలో మొదటి రూపాయి వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఒక్కొక్కరికీ పేరుపెట్టి విడిగా రాయండి, జీతాలు పడే మొదటి వారంలో రాయండి. మెసేజ్ ఇంతే చాలు: "వదినా, ఆగస్టులో 42.195 కి.మీ. పరిగెత్తుతున్నా. పిల్లల రక్తక్యాన్సర్ మీద మన దేశంలో జరిగే పరిశోధన కోసం. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతం పైగా నయమవుతున్నారు, అనేక పేద, మధ్య ఆదాయ దేశాల్లో 30 శాతం కూడా కావడం లేదు. మీకు వీలైనంత ఈ లింకులో నేరుగా ఆసుపత్రికే కట్టండి, రసీదు మీ పేరునే వస్తుంది." ఆ అంకెలు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేవే. సెప్టెంబరు పిల్లల క్యాన్సర్ అవగాహన మాసం కాబట్టి పరుగు అయిపోయాక కూడా 30వ తేదీ దాకా పేజీ తెరిచే ఉంచండి. మెడల్ ఫోటో చూశాక కట్టేవాళ్లు చాలామంది ఉంటారు.

పాప ఫోటో పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఆరేళ్ల పిల్ల పదహారేళ్లకి అది చూస్తుందని గుర్తుంచుకోండి. ఇంటిపేరు, స్కూలు, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరు, రిపోర్టులు మాత్రం అస్సలు వద్దు.

ఇక ట్రైనింగ్. 10 కి.మీ. నుంచి ఫుల్‌కి 18 నుంచి 20 వారాలు పెట్టుకోండి, అంటే ఏప్రిల్ మొదట్లో మొదలవ్వాలి. వారానికి నాలుగు రోజులు చాలు: రెండు రోజులు 6-8 కి.మీ. నెమ్మదిగా, ఒక రోజు ఫ్లైఓవర్ ఎక్కడం, ఒక రోజు లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు). పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఉండే ఈ రేసు దారి ఎక్కుడూ దిగుడూ కాబట్టి ఆ ఫ్లైఓవర్ రోజు మానొద్దు. ఆరుసార్లతో మొదలుపెట్టండి. ఎక్కేటప్పుడు వేగం గురించి ఆలోచించకండి, ఊపిరి ఒకేలా ఉంటే చాలు. దిగేటప్పుడు పెద్ద అంగలు వేస్తే మోకాళ్లు పోతాయి. లాంగ్ రన్ వారానికి 1-2 కి.మీ. పెంచుతూ, నాలుగో వారం తగ్గిస్తూ, రేసుకి మూడు వారాల ముందు 30-32 దగ్గర ఆపండి. ఏప్రిల్, మే ఎండలకి ఉదయం 4:30కి బయల్దేరి 7 లోపు ఇంటికి చేరండి.

మామూలు ట్రైనింగ్ ప్లాన్‌లు మీకు సరిపోనిది ఇక్కడే. మెయింటెనెన్స్‌లో వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఉంటుంది, ఆ మర్నాడు కొందరు పిల్లలకి కడుపులో తిప్పుతుంది. లాంగ్ రన్ ఆ రోజు పెట్టకండి, ఆదివారమే కావాలన్న నియమం లేదు. మీ ప్రోటోకాల్‌లో నాలుగు వారాలకో పన్నెండు వారాలకో ఐదు రోజుల స్టెరాయిడ్లు ఉంటే, ఆ రోజుల్లో పాప అర్ధరాత్రి లేచి అన్నం అడుగుతుంది, చిరాకుపడుతుంది, మీకు నిద్ర ఉండదు. పరుగు తగ్గించే వారం సరిగ్గా దానిమీదికే తెచ్చుకోండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే వెంటనే ఆసుపత్రి, అది మీకు తెలిసిందే. అందుకే లాంగ్ రన్ రోజు ఇంట్లో థర్మామీటర్ చదవగలిగి, బండి తీయగలిగి, ఆసుపత్రి వార్డు ఫోన్ నంబరు తెలిసిన పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. డాక్టర్‌ని అడగకుండా పారాసిటమాల్ వేయకూడదని వాళ్లకి మళ్లీ చెప్పండి, జ్వరం ఉన్నా కనబడకుండా పోతుంది. 25 కి.మీ. దూరం వెళ్లిపోయే దారి కాకుండా ఇంటిచుట్టూ 3-4 కి.మీ. రౌండ్లు వేయండి. ఫోన్ మోగేలా పెట్టుకోండి. రన్నింగ్ గ్రూపుతో బయట పరిగెత్తడం ఫరవాలేదు గానీ ఎవరైనా దగ్గుతుంటే దూరంగా ఉండండి, ఆ తర్వాత టిఫిన్‌కి ఒక టేబుల్ చుట్టూ కూర్చోకండి. ఎవరింట్లోనైనా ఆటలమ్మ ఉందని తెలిస్తే ఆ రోజే మీ డాక్టర్‌కి చెప్పండి. ఇంట్లో అందరూ ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోవడం గురించి కూడా ఆయన్నే అడగండి. రాత్రంతా వార్డులో కూర్చుని వచ్చిన ఉదయం పరుగు మానేయండి. ఆ వారం పోయినా ఏమీ కాదు.

రేసు రోజు గంటకి 30-60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక ఎనర్జీ జెల్ ప్యాకెట్‌లో సాధారణంగా 20-25 గ్రాములు ఉంటాయి, దాని మీద చదివి చూసుకోండి. ట్రైనింగ్‌లో వాడనిది ఆ రోజు నోట్లో పెట్టకండి. ఆగస్టు ఉక్కకి భయపడి ప్రతి స్టాల్ దగ్గరా కడుపునిండా నీళ్లు తాగితే ఒంట్లో సోడియం పడిపోతుంది, అది నిజంగా ప్రమాదం. దాహాన్ని బట్టి తాగండి, మధ్యలో ఓఆర్ఎస్ కలుపుకోండి. ఐబుప్రోఫెన్ వేసుకుని పరిగెత్తొద్దు, కిడ్నీల మీద పడుతుంది.

విరాళాల పేజీలో మొదటి రోజే ఒక వాక్యం పెట్టండి: పాప ఆరోగ్యం బాగోక నేను పరిగెత్తలేకపోయినా, మధ్యలో ఆగిపోయినా, ఇచ్చిన డబ్బు పరిశోధనకే వెళ్తుంది. కిలోమీటరుకి ఇంత అని పందెంలా అడగకండి. ముందురోజు రాత్రి థర్మామీటర్ 101 చూపిస్తే బిబ్ (చొక్కాకి పెట్టుకునే రేసు నంబరు) పక్కన పెట్టేసి ఆసుపత్రికి వెళ్లే స్వేచ్ఛ మీకు ఉండాలి.