పక్కన కూర్చొని తాళం వేయండి

ప్రశ్న: మేడమ్, మా బాబుకు తొమ్మిదేళ్లు. ఏడాదిగా వయొలిన్ నేర్చుకుంటున్నాడు. క్లాసుకు సంతోషంగానే వెళ్తాడు. ఇంట్లో మాత్రం పెట్టె తీయమంటే కడుపునొప్పి అంటాడు. రోజూ గంటసేపు కూర్చోబెడుతున్నాను. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని ఫుల్ సైజ్ వయొలినే కొన్నాం. వాడు వాయిస్తే కీచుమని చప్పుడు, నాకు టెన్షన్. నేను అరవడం, వాడు ఏడవడం. మాన్పించేయమంటారా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: మాన్పించొద్దమ్మా. క్లాసుకు సంతోషంగా వెళ్తున్నాడని మీరే రాశారు. వాడికి సంగీతమంటే ఇష్టమే, ఇంట్లో ఆ గంటసేపు కూర్చోవాలంటేనే భయం.

ముందు వయొలిన్ సంగతి చూద్దాం. బడి బూట్లు ఒక సైజు పెద్దవి కొన్నా నడుస్తుంది, వయొలిన్‌కు అది కుదరదు. ఫుల్ సైజ్ మీద తొమ్మిదేళ్ల పిల్లాడి చిటికెన వేలు స్వరాన్ని అందుకోలేదు, భుజం లాగేస్తుంది. ఈ వయసులో చాలామందికి హాఫ్ సరిపోతుంది, కాస్త పొడగరి అయితే త్రీ ఫోర్త్. మాస్టారు చేత ఒకసారి చెయ్యి కొలిపించండి. ఇప్పుడున్నది దాచిపెట్టండి, రేపు వాడికే పనికొస్తుంది.

కీచుమనడానికి కమాను, అంటే తీగల మీద రాసే వెంట్రుకల కర్ర కూడా కారణం కావచ్చు. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తోనే కమాను వెంట్రుకలు ముట్టుకుంటే జిడ్డు అంటుతుంది, ఆ చోట తీగ మీద జారిపోతుంది. కమాను వెంట్రుకలకు రాసే బంక గడ్డ, రోజిన్, కొత్తదైతే పైన గాజులా నున్నగా ఉంటుంది. సన్న సాండ్ పేపర్‌తో కాస్త గీకితే గానీ కమానుకు పట్టదు. మన వైపు ఎండాకాలం గాలి పొడిగా ఉండి తీగలు బిగించే బిరడలు జారతాయి, శ్రుతి దిగిపోతుంది. రేకుల గదిలో పెడితే జిగురు ఊడి చెక్కే విడిపోవచ్చు. శ్రుతి దిగిన తీగ మీద వేలు ఎంత సరిగ్గా పెట్టినా లాభమేముంది? పాపం, తప్పు తనదే అనుకుంటాడు.

ఇంకో మాట. మన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది కదా, ఆయన వాయించే తీగల వాద్యం కిన్నెరకు పన్నెండు మెట్లు. వేలు ఎక్కడ పెట్టాలో మెట్టే చెప్తుంది. వయొలిన్‌కు మెట్లుండవు. బియ్యపు గింజంత జరిగినా స్వరం మారిపోతుంది. చెవితో వింటూ వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో ఉన్న పిల్లాడి మీద అరిస్తే చెవి మూసుకుపోతుంది.

ఇది నేను చేసిన తప్పే. మహబూబ్‌నగర్‌లో ఎందరో పిల్లలకు ఓపికగా నేర్పాను. మా అమ్మాయి దగ్గర మాత్రం ఆ ఓపిక లేకపోయింది. వంటింట్లో పప్పు ఎనుపుతూనే ‘గాంధారం తగ్గింది’, ‘కమాను వంకర పోతోంది’ అని కేకలు వేసేదాన్ని. ఒకరోజు కమాను ఒళ్లో పెట్టుకుని, ‘అమ్మా, నువ్వే వాయించు, నేను తప్పులు చెప్త’ అంది. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేను.

మర్నాటి నుంచి పక్కన కూర్చొని తాళం వేశాను, అంతే. మీరూ అదే చేయండి. ఆదితాళానికి సంగీతం రానక్కర్లేదు. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ, తర్వాత వేళ్లతో లెక్క: చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. తర్వాత దెబ్బ, విసురు (అరచెయ్యి పైకి తిప్పడం), దెబ్బ, విసురు. ఎనిమిది లెక్కలు. మీ బాబునే నేర్పమనండి. అమ్మకు తాళం తప్పితే వాడు దిద్దాలి. స్వరాల తప్పులు మాస్టారు చూసుకుంటారు, మీరు ఎత్తొద్దు.

గంట వద్దు. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పదిహేను చాలు. ముందు ఒక నిమిషం ‘స’ మీద పొడుగు కమాను, తర్వాత సరిగమల తొలి పాఠాలైన సరళీవరుసల్లో ఒకే ఒకటి, మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా. మిగతా సమయం వాడిది. బతుకమ్మ పాటలు చాలావరకు కొద్ది స్వరాల్లోనే తిరుగుతాయి. మీరు ‘ఉయ్యాలో’ అని పాడండి, ఆ వరస తీగ మీద ఎక్కడుందో వాడినే వెతకనివ్వండి. దొరికిన రోజు పెట్టె మూయమన్నా మూయడు.

చిన్న వయొలిన్ వచ్చాక చిటికెన వేలు అందుతోందో లేదో తప్పకుండా నాకు రాయండమ్మా.