మొదటి రిమోట్ హెలికాప్టర్ ఎలాంటిది కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. రిమోట్ హెలికాప్టర్ కావాలని చాలా రోజులుగా అడుగుతున్నాడు. ఐదు వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. ఇంకొంత వేసుకుని ఆరు చానెళ్లది తీసుకుంటే మళ్లీ కొనే పని ఉండదని, డాబా మీదే ఎగరేసుకోవచ్చని దుకాణంలో చెప్పారు. మా ఇద్దరికీ ఇదే మొదటిసారి. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆరు చానెళ్లది ఇప్పుడు తీసుకోకండి. చానెల్ అంటే రిమోట్‌తో విడిగా నియంత్రించగల ఒక్కో పని. చానెళ్లు ఎక్కువైతే హెలికాప్టర్ మెరుగైనదని చాలామంది అనుకుంటారు గానీ, వాటితోపాటు ఎగరేసేవారి మీద పడే పని కూడా పెరుగుతుంది. మూడు చానెళ్ల దానిలో ఎత్తు, ముందు వెనకల కదలిక, ముక్కును ఎడమకో కుడికో తిప్పడం మాత్రమే మన చేతిలో ఉంటాయి. నాలుగో చానెల్‌తో పక్కకు జరపడం కూడా వస్తుంది. ఆరు చానెళ్ల వాటిలో సాధారణంగా రెక్కల వాలును మార్చే కలెక్టివ్ పిచ్ ఏర్పాటు ఉంటుంది. తలకిందులుగా ఎగిరే విన్యాసాలు దానివల్లే సాధ్యమవుతాయి. అయితే రిమోట్ మీది స్టిక్కు (వేలితో కదిపే పుల్ల) కాస్త కదిలినా వెంటనే స్పందించే ఆ యంత్రం, అలవాటు లేని చేతిలో కొద్ది సెకన్లలోనే నేలకు కొట్టుకుంటుంది.

మీకు సరిపోయేది కోయాక్సియల్ రకం. హెలికాప్టర్ రెక్కలు ఒక దిశలో తిరుగుతుంటే దాని దేహం ఎదురు దిశలో తిరగబోతుంది. కోయాక్సియల్‌లో ఒకే ఇరుసు రేఖ మీద, ఒకదానిపైన ఒకటిగా, రెండు జతల రెక్కలు వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి కాబట్టి ఆ తోపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పై రెక్కలకు అమర్చిన బరువుల కడ్డీ ఊగిసలాటను అణుస్తుంది. పిల్లవాడు కంగారుపడి దిశను నియంత్రించే కుడి స్టిక్కును వదిలేసినా అది పల్టీ కొట్టదు. చాలా ఏళ్లుగా అమ్ముడవుతున్న సైమా ఎస్107జీ ఈ తరహాదే.

డాబా మాట మాత్రం మరచిపోండి. ఇలాంటి చిన్న హెలికాప్టర్లలో చాలావాటి రిమోట్ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పనిచేస్తుంది. ఎండలో ఆ సంకేతం అందక హెలికాప్టర్ పడిపోతుంది. సాయంత్రం ఎగరేసినా, అంత తేలికైన వస్తువును చిన్న గాలి సైతం పిట్టగోడ దాటించేస్తుంది. ఫ్యాన్ ఆపిన హాలు, లేదా బడిలోని పెద్ద గది మేలు.

ఐదు వేలూ హెలికాప్టర్ మీదే పెట్టకండి. సగం డబ్బులో హెలికాప్టర్ కొని, మిగిలినది అదనపు రెక్కలకు, గేర్లకు, తోక ఫ్యాన్‌కు ఉంచుకోండి. నేర్చుకునేటప్పుడు ఇవి విరగక తప్పదు. విడిభాగాలు విడిగా దొరకని మోడల్ ఎంత చౌకగా ఇచ్చినా వద్దనే నా సలహా. ఒక చార్జింగ్‌కు ఎగిరేది ఆరు నుంచి ఎనిమిది నిమిషాలే కనుక, బ్యాటరీ ఊడదీసి మార్చుకునే వీలుంటే మరీ మంచిది. లిథియం పాలిమర్ బ్యాటరీ ఉబ్బితే దానిని మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. చార్జింగ్ జరుగుతున్నంతసేపూ ఎవరో ఒకరు దగ్గర ఉండాలి.

మొదట తోకను తనవైపు ఉంచి ఎగరేయమనండి. ముక్కు మనవైపు తిరిగితే ఎడమ కుడులు తారుమారవుతాయి. కొత్తవారి ప్రమాదాలు చాలావరకు అక్కడే జరుగుతాయి. ఆ స్థితిలోనూ తడబాటు లేకుండా నిలపగలిగినప్పుడు, ఇన్‌ఫ్రారెడ్‌కు బదులు రేడియో తరంగాలతో పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్‌తో వచ్చే, ఒకే జత ప్రధాన రెక్కలున్న నాలుగు చానెళ్ల దానికి వెళ్లవచ్చు. గాలిపీడనాన్ని బట్టి ఎత్తును తానే నిలబెట్టుకునేది దొరికితే దాన్నే ఎంచుకోండి. బయట ఎగరేసేటప్పుడు విమానాశ్రయ పరిసరాలకు దూరంగా ఉండాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములకు మించనివి నానో తరగతిలోకి వస్తాయి, వాటిని నడపడానికి పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు.

ప్రశ్న: నాకు డ్రోన్ ఎగరేయడం బాగా వచ్చు. నేరుగా కలెక్టివ్ పిచ్ హెలికాప్టర్ కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కొనవచ్చు, కానీ ముందు సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్ తెర మీద ఎగరేసి సాధన చేసే ప్రోగ్రాంలో, నేర్చుకోండి. మామూలు డ్రోన్ స్టిక్కు వదిలితే తానే సమంగా నిలుస్తుంది. విన్యాసాల హెలికాప్టర్ వంగిన కోణంలోనే ఉండిపోతుంది, దాన్ని మీరే సరిచేయాలి. కంప్యూటర్‌కు కలిపే వీలున్న మంచి రిమోట్‌ను మొదట కొనుక్కుంటే, అదే తర్వాత హెలికాప్టర్‌కూ పనికొస్తుంది. ముఖ్యంగా పెద్ద మోడళ్ల రెక్కలు తీవ్రంగా గాయపరచగలవు గనుక, ఎదుట మనుషులు లేని ఖాళీ మైదానం దొరికే వరకు ఎగరేయవద్దు.